ట్రెడ్‌మిల్ మీద పరుగు, కాళ్ళ నొప్పులు: ఏది మామూలు, ఏది కాదు

ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తితే మోకాళ్ళు అరిగిపోతాయని ఒకరు చెప్తారు. రోడ్డు కన్నా ట్రెడ్‌మిల్ మెత్తన, మోకాళ్ళకి అదే మంచిదని ఇంకొకరు చెప్తారు. ఇద్దరూ ఎంత ధీమాగా చెప్తారంటే, నిజంగా మోకాలు నొప్పెడుతున్న మనిషి ఎవరి మాట వినాలో తెలీక చివరికి మెషీన్ మీద బట్టలు ఆరేసుకుంటాడు.

ఇద్దరూ వదిలేసే లెక్క ఒకటుంది. రోడ్డు మీదైనా బెల్ట్ మీదైనా, పరుగులో అడుగు పడిన ప్రతిసారీ కింద నుంచి కాలికి తగిలే బలం మన ఒంటి బరువుకి రెండు మూడు రెట్లు ఉంటుంది. గంటకి 8 కిలోమీటర్ల వేగంతో అరగంట పరిగెత్తితే, నిమిషానికి 165 అడుగుల చొప్పున వేసుకున్నా దాదాపు ఐదు వేల అడుగులు, అంటే ఒక్కో కాలికి రెండున్నర వేలు. ఆ పనికి అలవాటుపడిన కాలు దానితో ఇంకా గట్టిపడుతుంది, అలవాటుపడని కాలు నొప్పెడుతుంది. ట్రెడ్‌మిల్ నొప్పుల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే, కాలు తట్టుకోగలిగినదానికీ మనం దాని మీద వేసినదానికీ మధ్య ఉన్న తేడాలో. మెషీన్ పాత్ర లేదని కాదు. ఆ తేడాని మన కంటపడకుండా చేయడంలో దాన్ని మించింది లేదు.

ఎలాగంటే, ముందు ఒంటి సంగతి చూడాలి. పరుగు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గడం ఎవరికైనా తెలుస్తుంది, ఎందుకంటే గుండె, రక్తప్రసరణ, ఊపిరి త్వరగా సర్దుకుంటాయి. కండరాలు ఆ వెనకే వస్తాయి. కండరాన్ని ఎముకకి కలిపే టెండన్లు, ఎముకలు మాత్రం నెలలు తీసుకుంటాయి. ఎముక అయితే మరీ విచిత్రం: కొత్త ఒత్తిడి పడగానే అది ముందు పాత భాగాన్ని కొంత కరిగించుకుంటుంది, దానికి సుమారు మూడు వారాలు పడుతుంది, ఆ ఖాళీని కొత్త ఎముకతో నింపుకోవడానికి ఇంకో మూడు నెలలు. అంటే మొదటి నెలలో కాలి ఎముక కొన్నిచోట్ల మునుపటి కన్నా కాస్త బలహీనంగా ఉండొచ్చు. సరిగ్గా ఆ నెలలోనే మనకి ఆయాసం తగ్గి, హుషారు పెరిగి, స్పీడ్ బటన్ మీదకి వేలు పోతుంది.

రోడ్డు మీద ఈ హుషారుకి కళ్ళెం వేసేవి చాలా ఉంటాయి. అలిసిపోతే మనకి తెలీకుండానే వేగం తగ్గుతుంది, గుంత వస్తే అడుగు మారుతుంది, మలుపు, ఎత్తు, పల్లం, ఎదురొచ్చే మనుషులు, ఇవన్నీ కలిసి ఏ రెండు అడుగులూ ఒకేలా పడనివ్వవు. బెల్ట్ మీద అలసటకి ఆ వెసులుబాటు లేదు. మీరు 9 అని నొక్కితే ఇరవై తొమ్మిదో నిమిషంలో కూడా అది 9తోనే తిరుగుతుంది, దానితో సమానంగా మీరు పరిగెత్తాల్సిందే, లేకపోతే వెనక్కి పోయి పడతారు. అసలు ఈ మెషీన్ పుట్టుకే అలాంటిది. 1818లో ఇంగ్లండ్‌లో విలియం క్యూబిట్ అనే ఇంజినీరు ఖైదీల చేత గంటల తరబడి ఆగకుండా మెట్లు ఎక్కించడానికి ఒక తిరిగే చక్రం చేశాడు, బ్రిటన్‌లో ఆ శిక్ష 1898 దాకా నడిచింది. 1952లో అమెరికాలో రాబర్ట్ బ్రూస్ అనే గుండె డాక్టరు, వేన్ క్వింటన్ అనే ఇంజినీరు కలిసి గుండె పరీక్ష కోసం మోటారు ట్రెడ్‌మిల్ తెచ్చారు, ఇప్పుడు మనం టీఎంటీ అంటున్నది దాని వంశమే. రెండుచోట్లా మెషీన్ నుంచి కావలసింది ఒకటే, మనిషి ఇష్టాయిష్టాలతో పని లేకుండా భారం ఒకే తీరుగా పడటం. పరీక్షకి అది వరం. అలిసిపోయిన పిక్కకి కాదు.

మరి బెల్ట్ మీద పరుగు రోడ్డు మీద పరుగుకి పూర్తిగా వేరా అంటే, కాదు. రెండింటినీ పక్కపక్కన కొలిచిన పరిశోధనలు చాలా ఉన్నాయి, మొత్తమ్మీద రెండూ ఒకటే అన్నంత దగ్గరగా ఉంటాయి. చిన్న తేడాలు కొన్ని: ట్రెడ్‌మిల్ మీద పాదం కాస్త చదునుగా దిగుతుంది, ఒళ్ళు పైకి కిందకి ఎగరడం కొంచెం తగ్గుతుంది. మోకాలి చిప్ప మీద పడే ఒత్తిడి దాదాపు అంతే, కానీ మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ మీద మాత్రం ట్రెడ్‌మిల్‌లోనే ఎక్కువ భారం పడుతున్నట్టు కొలతల్లో కనిపించింది. కాబట్టి ఇన్నాళ్ళూ బయట బాగానే పరిగెత్తి, వానలకో ఎండలకో భయపడి ట్రెడ్‌మిల్‌కి మారినవాళ్ళకి మోకాలు బాగానే ఉండి పిక్కలు పట్టేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మెత్తదనం గురించి కూడా ఒక మాట. కింద నేల మెత్తగా ఉంటే మన కాలు తనంతట తానే బిగుసుకుంటుంది, గట్టిగా ఉంటే వదులవుతుంది. ఈ సర్దుబాటు మన ప్రమేయం లేకుండానే జరుగుతుందని 1990ల్లోనే కొలిచి చూపించారు. అందుకని కుషన్ ఉన్న డెక్ (బెల్ట్ కింది పలక) వల్ల భారం సగానికి సగం తగ్గిపోతుందన్న ప్రకటనల్ని నేనైతే పెద్దగా లెక్కచేయను. హాయిగా అనిపించడం నిజమే. ఆ హాయిలో ఇంకో పది నిమిషాలు ఎక్కువ పరిగెత్తేస్తాం, అది కూడా నిజమే.

నొప్పి ఎలాంటిది

మొదట తేల్చుకోవాల్సింది నొప్పెట్టేది కండరమా, టెండనా, కీలా, ఎముకా అన్నది. స్కానింగ్ లేకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు, ఎందుకంటే నాలుగూ నాలుగు రకాలుగా ప్రవర్తిస్తాయి.

కండరాల నొప్పి ఆలస్యంగా వస్తుంది. పరిగెత్తిన రోజు బాగానే ఉండి, మర్నాడు పొద్దున మొదలై, రెండో రోజుకి మంచం దిగడమే కష్టమై, మూడు నాలుగు రోజుల్లో దానంతట అదే పోతుంది. రెండు కాళ్ళలోనూ ఉంటుంది, చేత్తో నొక్కితే కండరం మొత్తం పచ్చిపుండులా అనిపిస్తుంది, కాస్త నడిస్తే సడలుతుంది. దీనికి లాక్టిక్ ఆసిడ్ కారణమని ఇప్పటికీ చాలామంది చెప్తుంటారు కానీ పరుగులో పెరిగిన లాక్టేట్ గంట, గంటన్నరలో మామూలు స్థాయికి దిగిపోతుంది, రెండో రోజు నొప్పికి దానితో సంబంధం లేదు. కండరం సాగుతూ బరువు మోసినప్పుడు అందులోని సన్నని పోగులు కొంచెం దెబ్బతింటాయి, వాటి మరమ్మతు జరుగుతున్నప్పుడు వచ్చే నొప్పి ఇది. ఒకసారి వచ్చి తగ్గాక అదే పని మళ్ళీ చేస్తే ఈసారి చాలా తక్కువ వస్తుంది. ఈ రకం నొప్పికి భయపడాల్సిన పని లేదు, మందూ అక్కర్లేదు. కాకపోతే కండరాలు విపరీతంగా వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పరిగెత్తుతుండగా ఉన్నట్టుండి పిక్కలోనో తొడ వెనకో ఎవరో కొట్టినట్టు కలుక్కుమంటే అది కండరం చిరగడం. దాన్ని పై నొప్పితో కలపకండి. అక్కడితో ఆపేయాలి.

టెండన్ నొప్పి మోసగత్తె. పొద్దున లేచి మొదటి అడుగులు వేసేటప్పుడు బిగుసుకుపోయి ఉంటుంది, పరుగు మొదట్లో గుంజుతుంది, ఒళ్ళు వేడెక్కాక పూర్తిగా మాయమవుతుంది. పోయింది కదా అని పూర్తి పరుగు చేసేస్తాం. సాయంత్రమో మర్నాడో ఇంకాస్త పెద్దదై తిరిగొస్తుంది. ఇలా వారాలు గడిచాక, వేడెక్కినా తగ్గని దశ వస్తుంది. పరిగెత్తేటప్పుడు ఎలా ఉందన్నదాన్ని బట్టి టెండన్ సంగతి చెప్పలేం, మర్నాడు పొద్దున ఎలా ఉందన్నదే దానికి కొలత.

కీలు నొప్పి లోపల ఎక్కడో ఉన్నట్టుంటుంది, వేలు పెట్టి చూపించడం కష్టం. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు తెలుస్తుంది. మోకాలు టక్కుటక్కుమని శబ్దం చేయడం ఒక్కటే అయితే, నొప్పీ వాపూ లేకపోతే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. వాపు ఉంటే మాత్రం పట్టించుకోవాలి. ఇక కీళ్ళు అరిగిపోతాయన్న భయం. తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల మీద వచ్చిన పాత పరిశోధనలన్నీ కలిపి 2017లో ఒక విశ్లేషణ చేశారు. ఆరోగ్యం కోసం సరదాగా పరిగెత్తేవాళ్ళలో 3.5 శాతం మందికి ఆ అరుగుదల కనిపిస్తే, పరిగెత్తని వాళ్ళలో 10.2 శాతం మందికి, పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం మందికి కనిపించింది. కీళ్ళు బాగున్నవాళ్ళే పరిగెత్తుతూ ఉండిపోతారు కాబట్టి ఈ అంకెల్ని బట్టి పరుగే కాపాడిందని తేల్చేయలేం. కానీ వారానికి మూడు నాలుగు సార్లు మామూలు వేగంతో పరిగెత్తేవాళ్ళ మోకాళ్ళు అరిగిపోతాయన్న మాటకి మాత్రం ఇందులో ఆధారం దొరకదు.

ఎముక నొప్పి అన్నింటికన్నా ముఖ్యం, అన్నింటికన్నా తక్కువ అనుమానించేది కూడా ఇదే. ఒక్క చోట, వేలి కొనతో చూపించగలిగినంత చిన్న చోట, నొక్కితే ప్రాణం పోతుంది. పరిగెత్తే కొద్దీ పెరుగుతుంది, వేడెక్కితే తగ్గడమన్నది ఉండదు. తర్వాత్తర్వాత నడుస్తున్నా నొప్పి, రాత్రి పడుకున్నా సలపరం. ఇది ఎముకలో సన్నని పగులు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, కాబట్టి ఎక్స్‌రే బాగుందనగానే మళ్ళీ బెల్ట్ ఎక్కేయకండి. తక్కువ తింటూ ఎక్కువ పరిగెత్తేవాళ్ళకి, నెలసరి తప్పుతున్న స్త్రీలకి, విటమిన్ డి తక్కువగా ఉన్నవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. బరువు తగ్గాలని అన్నం మానేసి రోజూ గంట ట్రెడ్‌మిల్ చేసేవాళ్ళు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

ఎక్కడ నొప్పెడుతోంది

మోకాలి కింద, ముందువైపు. వేగంగా నడిచేవాళ్ళకి ఇక్కడ మంట పుట్టడం చాలా మామూలు, దానికో చిత్రమైన కారణం ఉంది. గంటకి సుమారు 7 కిలోమీటర్ల దగ్గర మన ఒళ్ళు నడక వదిలి పరుగులోకి మారాలనుకుంటుంది. ఆ వేగంలో పట్టుబట్టి నడుస్తుంటే పాదాన్ని పైకి లేపే ముందువైపు కండరం తలకి మించిన పని చేస్తుంది. వేగం కొంచెం తగ్గించండి, లేదా మెల్లగా జాగింగ్‌లోకి మారండి, చాలామందికి ఆ మంట అక్కడితో పోతుంది. ఎముక లోపలి అంచు వెంట నాలుగైదు అంగుళాల మేర నొప్పి పరుచుకుని ఉంటే అది షిన్ స్ప్లింట్స్, కొన్ని వారాలు భారం తగ్గిస్తే సర్దుకుంటుంది. అదే నొప్పి ఒక చోటికి చేరి బిందువులా మారితే పైన చెప్పిన ఎముక సంగతి గుర్తు తెచ్చుకోవాలి. ఇంకొకటుంది, అరుదు: ప్రతిసారీ సరిగ్గా అన్నే నిమిషాలకి కాలు బిగుసుకుపోవడం మొదలై, పాదం తిమ్మిరెక్కి, ఆపిన కాసేపట్లో అంతా సర్దుకుపోవడం. కండరాల చుట్టూ ఉండే పొర లోపల ఒత్తిడి పెరిగిపోవడం వల్ల ఇలా అవుతుంది, దీనికి డాక్టరు కావాలి.

మోకాలు ముందువైపు, చిప్ప చుట్టూ నొప్పి ఉంటే పొడవాటి అడుగులు వేస్తున్నారేమో చూసుకోండి. పాదం ఒంటికి చాలా ముందు పడితే ఆ దెబ్బంతా మోకాలికే. తొడ ముందు కండరాలు, తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉన్నా ఇదే నొప్పి. మోకాలు బయటివైపు, పక్కన, పరుగు మొదలైన కొన్ని నిమిషాలకి కత్తితో గీసినట్టు వస్తే అది తుంటి నుంచి మోకాలి దాకా దిగే ఐటీ బ్యాండ్ అనే పట్టీది. మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగినప్పుడు అది ఎక్కువగా నొక్కుకుంటుంది, అందుకే మెల్లగా, ఒకే వేగంతో చేసే జాగింగ్‌లో ఇబ్బందిపెట్టి, వేగంగా పరిగెత్తితే కొందరికి తగ్గినట్టు అనిపిస్తుంది. బెల్ట్ మీద అరగంట ఒకే తీరుగా తిరగడం దీనికి అచ్చంగా సరిపోయిన వేదిక. నాలుగైదు నిమిషాలకోసారి వేగం మార్చడం, మధ్యలో నడవడం దీనికి పనిచేస్తాయి.

పిక్క, మడమ, అరికాలు కలిపి చూడాలి, ఒకే గొలుసు. ఇన్‌క్లైన్ (బెల్ట్ ముందువైపు ఎత్తు) పెంచినా, మడమ ఎత్తు తక్కువున్న బూట్లకి మారినా, మునివేళ్ళ మీద పరిగెత్తడం మొదలుపెట్టినా భారం మోకాలి నుంచి దిగి ఇక్కడికి చేరుతుంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు గుచ్చినట్టుంటే అరికాలి పొరది. మడమకి కాస్త పైన, వెనక, టెండన్ లావెక్కి నొక్కితే నొప్పెడితే అకిలిస్. ఈ రెండింటికీ ఓపిక కావాలి, వారాల్లో తగ్గవు.

నడుము, మెడ నొప్పులకి మాత్రం చాలాసార్లు కారణం కళ్ళెదుటే ఉంటుంది: ముందు పెట్టుకున్న ఫోన్. తల వంచి సీరియల్ చూస్తూ పరిగెత్తకండి, అంతే.

బటన్లతో సరిచేయగలిగేవి

ఒక శాతం ఇన్‌క్లైన్ పెడితే మోకాళ్ళకి మంచిదని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆ సలహా మూలం 1996 నాటి ఒక పరిశోధన, అది అడిగిన ప్రశ్న వేరు. బయట పరిగెత్తేటప్పుడు గాలిని చీల్చుకుంటూ వెళ్ళడానికి కొంత శక్తి ఖర్చవుతుంది, ట్రెడ్‌మిల్‌లో ఆ ఖర్చు లేదు, దాన్ని పూరించాలంటే ఎంత ఎత్తు పెట్టాలి అని చూశారు, ఒక శాతం సరిపోతుందని తేలింది. అది కూడా బాగా వేగంగా పరిగెత్తేవాళ్ళకి. మన జాగింగ్ వేగంలో ఆ తేడా లెక్కలోకి రాదు. నొప్పి ప్రస్తావన అందులో లేనే లేదు.

ఇన్‌క్లైన్ నిజంగా చేసేది భారాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరపడం. ఎత్తు పెరిగితే మోకాలికి తగిలే దెబ్బ తగ్గుతుంది, పిక్కకి, అకిలిస్‌కి, పిరుదులకి పని పెరుగుతుంది. పల్లానికి దిగే సౌకర్యం ఉన్న మెషీన్ అయితే అంతా తిరగబడుతుంది, తొడల ముందుభాగం, మోకాళ్ళు మోస్తాయి. కాబట్టి మోకాలు చిప్ప నొప్పి ఉన్న మనిషి పరుగు మానేసి కొన్నాళ్ళు ఎత్తు పెట్టుకుని నడిస్తే గుండెకి అదే పని దొరుకుతుంది, మోకాలికి తెరిపి దొరుకుతుంది. మడమ నొప్పి ఉన్న మనిషి అదే సలహా పాటిస్తే మడమ ఇంకా పాడవుతుంది. ఇన్‌క్లైన్ మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు లేనిది ఇందుకే.

నాకు అన్నింటికన్నా నమ్మకం ఉన్న మార్పు అడుగుల సంఖ్య పెంచడం. వేగం అదే ఉంచి, నిమిషానికి వేసే అడుగుల్ని 5 నుంచి 10 శాతం పెంచితే అడుగు పొట్టిదై పాదం ఒంటి కిందకి వస్తుంది, మోకాలి మీద, తుంటి మీద భారం తగ్గుతుంది. 2011లో దీన్ని వివరంగా కొలిచారు. అందరూ 180 అడుగులే వేయాలన్న నియమం మాత్రం పట్టుకోకండి, అది 1984 ఒలింపిక్స్‌లో పరిగెత్తినవాళ్ళని చూసి జాక్ డేనియల్స్ అనే కోచ్ చెప్పిన పరిశీలన నుంచి పుట్టింది, వాళ్ళ వేగం వేరు, మన వేగం వేరు. మీరు ఇప్పుడు 160 వేస్తుంటే 168 చాలు. బెల్ట్ వేగం స్థిరంగా ఉంటుంది కాబట్టి ఈ సాధనకి ట్రెడ్‌మిల్ కన్నా మంచి చోటు లేదు: అర నిమిషంలో ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టుకోండి, రెట్టింపు చేయండి, ఫోన్‌లో మెట్రోనోమ్ (ఒకే లయలో టిక్కుటిక్కుమనే యాప్) పెట్టుకుని కాస్త పెంచండి. మొదటి వారం పిక్కలు గొడవ చేస్తాయి, అందుకని పరుగు మొత్తానికి కాకుండా అయిదేసి నిమిషాల ముక్కలుగా మొదలుపెట్టండి.

చేతులు కడ్డీల మీద పెట్టి పరిగెత్తితే నడుము వంగి, తుంటి కదలక, అడుగు తీరే మారిపోతుంది. పట్టుకోక తప్పని వేగం మీకు ఎక్కువైన వేగం. ముందున్న ప్యానెల్‌కి తగులుతామేమో అన్న భయంతో కొందరు, వెనక్కి పడిపోతామేమో అన్న భయంతో ఇంకొందరు అడుగు బిగపట్టుకుంటారు, బెల్ట్ మధ్యలో ఉండేలా చూసుకుంటే చాలు. నడకతో మొదలుపెట్టి అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు తీసుకుని వేగానికి చేరండి. బెల్ట్ జారుతున్నా, కుదుపుతున్నా, మెషీన్ ఒక పక్కకి ఒరిగి ఉన్నా ఒక్క కాలికే నొప్పి రావచ్చు. నూనె వేయడం, బెల్ట్ బిగించడం అందరూ వాయిదా వేసే పనులే.

ఆపాలా, కొనసాగించాలా

ఫిజియోథెరపిస్టులు వాడే ఒక సులువైన కొలత ఉంది. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోండి. పరిగెత్తేటప్పుడు మూడు దాటకూడదు. పరుగు అయ్యాక పెరిగినా, మర్నాడు పొద్దునకల్లా మునుపటి స్థాయికి వచ్చేయాలి. వారం వారానికి పెరుగుతూ పోకూడదు. అకిలిస్ నొప్పికి వ్యాయామం చేయించేటప్పుడు అయిదు దాకా కూడా ఒప్పుకున్న పరిశోధనలున్నాయి, కానీ ఎవరి పర్యవేక్షణా లేకుండా మనంతట మనం చేసుకునేటప్పుడు మూడే మేలు. కుంటుతూ పరిగెత్తుతున్నారంటే మాత్రం మార్కుల లెక్క అక్కర్లేదు, ఆపేయండి, కుంటే కాలి నొప్పి త్వరలోనే రెండో కాలికి పాకుతుంది. ఎముక నొప్పి అనుమానం ఉన్నా ఈ కొలత వర్తించదు, అక్కడ సున్నా తప్ప ఏదీ సరికాదు.

పూర్తిగా మానేసి మూడు వారాలు పడుకోవడం కూడా అంత మంచి ఆలోచన కాదు. నొప్పి పోతుంది కానీ కాలి ఓర్పు కూడా తగ్గిపోతుంది, తిరిగొచ్చి పాత వేగం, పాత టైము పెట్టగానే నొప్పి మళ్ళీ తలుపు తడుతుంది. టెండన్, చిప్ప నొప్పుల్లో అయితే దూరం సగానికి దించి, వేగం తగ్గించి, రోజు మార్చి రోజు చేస్తూ కొనసాగించడం మెరుగు. రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక లాంటి పద్ధతి ఇందుకు బాగుంటుంది.

మళ్ళీ పెంచేటప్పుడు వారానికి 10 శాతం దాటకూడదన్న సూత్రం అందరికీ తెలిసిందే. దాన్ని నెదర్లాండ్స్‌లో అయిదు వందల మందికి పైగా కొత్త రన్నర్ల మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆ సూత్రం ప్రకారం 13 వారాలు మెల్లగా పెంచినవాళ్ళలోనూ, 8 వారాల్లో పెంచినవాళ్ళలోనూ దాదాపు ఐదుగురిలో ఒకరికి గాయమైంది, తేడా లేదు. 2025లో అయిదు వేల మందికి పైగా రన్నర్ల వాచీల్లోని లెక్కలు తీసుకుని చేసిన ఇంకో అధ్యయనంలో ఆసక్తికరమైన సంగతి బయటపడింది: వారం మొత్తం ఎంత పెరిగిందన్నదాని కన్నా, గత నెల రోజుల్లో చేసిన అతి పొడవైన పరుగుని ఒక్క రోజులో 10 శాతం మించి దాటడమే గాయాలకి దగ్గరగా నిలిచింది. అంటే వారమంతా బుద్ధిగా ఉండి ఆదివారం ఒక్కసారి రెచ్చిపోవడమే అసలు చిక్కు. ట్రెడ్‌మిల్ మీద ఇంకో కిలోమీటరు ఎంత సులువో చెప్పక్కర్లేదు, ఇంటికి తిరిగి రావాల్సిన దూరం కూడా ఉండదు.

బలం పెంచడం చాలామంది వదిలేసే భాగం. మెట్టు అంచున నిలబడి మడమలు పైకి లేపి మెల్లగా దించడం, కుర్చీలోంచి ఒంటి కాలి మీద లేవడం, పక్కకి పడుకుని కాలు ఎత్తడం, వారానికి రెండు మూడు సార్లు చాలు. మడమలు దించే వ్యాయామం వెనక ఒక కథ కూడా ఉంది. స్వీడన్‌లో హోకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకే అకిలిస్ నొప్పి వచ్చింది. ఆపరేషన్ చేయమంటే పైఅధికారి ఒప్పుకోలేదు. అయితే టెండన్‌ని ఇంకా పాడుచేసుకుని ఒప్పిస్తానని ఆయన నొప్పిని లెక్కచేయకుండా బరువుతో మడమలు దించడం మొదలుపెట్టాడు, తెగిపోవాల్సింది పోయి నొప్పే తగ్గిపోయింది. 1998లో ఆయన బృందం ప్రచురించిన ఆ పద్ధతి, రోజుకి రెండుసార్లు, 12 వారాలు, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక్క జాగ్రత్త: నొప్పి టెండన్ మధ్యలో కాకుండా సరిగ్గా మడమ ఎముకకి అతుక్కునే చోట ఉంటే, మెట్టు కన్నా కిందకి మడమ దించకండి, సమానమైన నేల మీదే చేయండి.

ఇక మిగతావి క్లుప్తంగా. స్ట్రెచింగ్ పరుగుకి ముందు చేసినా తర్వాత చేసినా మర్నాటి ఒళ్ళు నొప్పుల్ని చెప్పుకోదగ్గంత తగ్గించదని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది, హాయిగా ఉంటే చేసుకోండి. ఐస్ తాత్కాలికంగా నొప్పి తగ్గిస్తుంది, మానడం వేగంగా జరగదు. గాయానికి విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తులో ఉంచడం అన్న నాలుగు సూత్రాల్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే డాక్టరే 2014లో ఐస్, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయొచ్చని రాశాడు. నొప్పి తెలీకుండా ఉండాలని పరుగుకి ముందు ఐబుప్రోఫెన్ లాంటి మాత్ర వేసుకోవడం మాత్రం అస్సలు వద్దు. చెమటతో ఒంట్లో నీరు తగ్గిన సమయంలో అది కిడ్నీలకి, కడుపుకి చేటు, పైగా ఆపమని చెప్పే ఒకే ఒక్క గొంతుని నొక్కేసినట్టవుతుంది. బూట్లు సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తాయి, ఇంట్లోనే వాడుతున్నాం కదా, మట్టి అంటలేదు కదా అని బూటు అడుగుభాగం చూడటం మరిచిపోతాం, అందులోని ఫోమ్ మాత్రం లోపల్లోపలే చచ్చిపోతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలంటే: కాలు మీద బరువు వేయలేకపోతే, కీలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినట్టు ముడుచుకోకపోయినా, కీలు ఎర్రగా వేడిగా ఉండి జ్వరం ఉన్నా, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉన్నా, కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, తగ్గించి పరిగెత్తినా మూడు నాలుగు వారాల్లో మార్పు లేకపోయినా. ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే అది కండరం పట్టేయడం అనుకోకండి, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి, పట్టేసినట్టుండటం, కళ్ళు తిరగడం వస్తే బెల్ట్ ఆపి వెంటనే సహాయం పిలవాలి.

వెళ్ళినప్పుడు మీరు వాడే మందుల పేర్లు కూడా చెప్పండి. కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్ మందులు కొందరిలో కండరాల నొప్పి తెస్తాయి. సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్లని, ముఖ్యంగా అకిలిస్‌ని దెబ్బతీయగలవు, 2008లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ వాటి సమాచార పత్రంలో ఆ హెచ్చరికని గడి కట్టి ముద్రించమంది, కోర్సు అయిపోయిన కొన్ని నెలల తర్వాత కూడా ఈ ప్రమాదం ఉండొచ్చు. ఎప్పుడో జ్వరానికి వాడిన మందుకీ, ఇప్పటి మడమ నొప్పికీ సంబంధం ఉందని మీకు తట్టకపోవచ్చు, హడావిడిలో డాక్టరూ అడగకపోవచ్చు, కాబట్టి అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పేయండి. అలాగే ఒంట్లో బాగోక ఆ యాంటీబయాటిక్స్ ఇంకా వాడుతున్నప్పుడు బెల్ట్ ఎక్కకండి.